కాగితమే మొదటి రంగు

శనివారం క్లాసుకు కొత్తగా చేరేవాళ్లు దాదాపు అందరూ ఒకే తీరుగా వస్తారు. చేతిలో సరికొత్త పాస్టెల్ పెట్టె, మూత తీస్తే వరసలు వరసలుగా రంగులు. చంకలో మాత్రం పిల్లలు బడికి పట్టుకెళ్లే స్కెచ్ ప్యాడు. పెట్టెకు వందల డాలర్లు పెట్టిన చెయ్యి కాగితం దగ్గరికి వచ్చేసరికి ముడుచుకుపోతుంది. న్యూజెర్సీలో పాస్టెల్ నేర్పుతూ, అడిగినవాళ్లకు పోర్ట్రెయిట్లు వేసిపెడుతూ బతికే మనిషిని నేను. మొదటి రోజు ఆ పెట్టెలు తెరవనివ్వను. బల్ల మీద రకరకాల కాగితం ముక్కలు, తలా రెండు రంగులు, అంతే.

పాస్టెల్ అంటే దాదాపు ఉత్త రంగు పొడి. నూనె రంగు నూనెతో అతుక్కుంటుంది, నీటిరంగు తుమ్మజిగురుతో అతుక్కుంటుంది. సాఫ్ట్ పాస్టెల్‌లో ఉండే జిగురు పొడిని ముక్కగా నిలబెట్టడానికే బొటాబొటిగా సరిపోతుంది, కాగితానికి అంటించేంత మిగలదు. ఇక ఆ పొడిని పట్టుకోవలసింది కాగితమే. పేడనీళ్ల కళ్లాపి చల్లిన వాకిట్లో ముగ్గు నిలుస్తుంది, గ్రానైట్ గచ్చు మీద వేస్తే గాలికి లేచిపోతుంది, ఇదీ అంతే. మనం చిన్నప్పుడు వాడిన క్యామెల్ ఆయిల్ పాస్టెల్స్ వేరే జాతి. వాటిలో మైనం, నూనె ఉంటాయి కనుక చార్టు మీదైనా, కెంటు షీటు మీదైనా అంటుకుంటాయి. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు కట్టినవాళ్లు కూడా కాగితాన్ని పట్టించుకోకపోవడానికి ఆ అలవాటే కారణమని నా అనుమానం.

కాగితం పొడిని పట్టుకునేది గరుకుతో. ఆ గరుకు ఎంత, ఎలాంటిది అన్న దగ్గరే అన్ని తేడాలూ మొదలవుతాయి. క్లాసులో ముందుగా ఇచ్చేది కాన్సన్ కంపెనీ మి-తాంత్. చదరపు మీటరుకు 160 గ్రాముల బరువు, సగం పత్తి, దాదాపు 50 రంగుల్లో దొరుకుతుంది. ఒక వైపు గళ్లు గళ్లుగా అచ్చు ఉంటుంది, రెండో వైపు నున్నగా ఉంటుంది. చాలామంది గళ్ల వైపే సరైన వైపనుకుని మొదలుపెడతారు. చెట్ల గుంపుకైతే అది బాగానే ఉంటుంది. పసిపిల్ల బుగ్గ మీద కూడా ఆ గళ్లే తేలితే మాత్రం ఎన్ని పూతలు పూసినా అవి పోవు. తిప్పి వేసుకోమంటాను. ఆ తిప్పడం ఒక్కటీ నేర్చుకుని ఇంటికి వెళ్లినా ఆ రోజు క్లాసు డబ్బులు గిట్టినట్టే.

మి-తాంత్‌కు ఒక హద్దుంది. మూడు నాలుగు పొరలు పడేసరికి గరుకు నిండిపోతుంది. ఆపైన వేసిన రంగు పట్టు దొరక్క జారుతుంది, కిందిదాన్ని కూడా తవ్వుకొస్తుంది. ఇంకా పొరలు కావాలంటే సాండెడ్ కాగితానికి వెళ్లాలి. వడ్రంగి వాడే ఉప్పుకాగితానికి దగ్గరి చుట్టమే ఇది. ఇక్కడి పాస్టెల్ చిత్రకారులు ఒకప్పుడు హార్డ్‌వేర్ షాపులోని ఉప్పుకాగితం మీదే వేసేవాళ్లు. ఆ కాగితం ఆమ్లంతో కొన్నేళ్లకు పసుపెక్కి పెళుసుబారుతుంది కనుక అమ్ముకునే బొమ్మకు పనికిరాదు. కిటీ వాలిస్ అనే చిత్రకారిణి పాస్టెల్ కోసమే ప్రత్యేకంగా ఒక సాండెడ్ కాగితం రూపొందించారు. తడిపినా చెక్కుచెదరదు, ఎన్ని పొరలైనా తీసుకుంటుంది. దాని తయారీ ఆగిపోయాక, దాచుకున్న షీట్లను ముక్కలుగా కోసుకుని పొదుపుగా వాడుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు ఆ చోటులో ఎక్కువగా కనిపించేది యూఆర్ట్. 240 నుంచి 800 దాకా నంబర్లలో వస్తుంది, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 240 మీద గీస్తే పాస్టెల్ ముక్క కళ్ల ముందే అరిగిపోతుంది. వేలితో రుద్దితే వేలి చర్మం కూడా దానితోపాటే పోతుంది. చేతిని విసురుగా ఆడించి పెద్ద కొండలు, మేఘాలు వేసేవాళ్లకు అది కావాలి. నేను ప్రకృతి దృశ్యాలకు 400 వాడతాను. ముఖాలకు 600, మరీ చిన్న ముఖమైతే 800. కంపెనీ ఏం రాసినా సరే, వాడే పాస్టెల్ ఎంత మెత్తనిదో చూసుకోకుండా నంబరు ఎంచుకోకూడదు. న్యూపాస్టెల్ లాంటి గట్టి రకం 800 మీద కూడా హాయిగా నడుస్తుంది. సెనెలియె లాంటి వెన్నరకం అదే కాగితం మీద మొదటి గీతకే గరుకంతా పూడ్చేస్తుంది. కొలరాడోలో చేసే టెర్రీ లుడ్విగ్ ముక్కల్లో వంకాయ రంగు ఒకటుంది, దాని కోసం పడిచచ్చేవాళ్లున్నారు. ఆ చిక్కదనం చూడాలంటే కింద కనీసం 500 గరుకైనా ఉండాలి.

సాండెడ్ కాగితం మీద ధూళి ఎక్కువ రాలుతుంది. ఈజిల్‌ను కాస్త ముందుకు వంచి, కింద తడిగుడ్డ పరిచిన ట్రే పెట్టుకోవాలి. రాలిన పొడిని నోటితో ఊదనివ్వను. కొన్ని రంగుల్లో కాడ్మియం ఉంటుంది, అది గదిలో తేలడం మంచిది కాదు.

ఇంతవరకూ చెప్పింది గరుకు గురించి. ఇక్కడి పుస్తకాలు, వర్క్‌షాపులు ఎక్కువగా మాట్లాడేదీ దాని గురించే. ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఆఫ్ పాస్టెల్ సొసైటీస్ రెండేళ్లకోసారి న్యూమెక్సికోలోని ఆల్బకర్కీలో పెట్టే సమావేశానికి వెళ్తే, అమ్మకాల హాల్లో కాగితాల బల్లల దగ్గర అందరూ వేలి కొసలతో షీట్లు తడిమి చూస్తూ కనిపిస్తారు. ఎన్ని పొరలు పడతాయి, ఎంత రుద్దొచ్చు, ఎంత తడపొచ్చు అన్నవే ప్రశ్నలు. నా మటుకు నాకు ఈ గరుకు మోజు కాస్త శ్రుతి మించిందనిపిస్తుంది. ఎన్ని పొరలైనా పట్టే కాగితం చేతికొచ్చాక అన్ని పొరలూ వేయడం అలవాటైంది. అంచు నుంచి అంచు దాకా కాగితం ఇసుమంత కనబడకుండా నింపేసిన బొమ్మలు వరసగా వేలాడుతుంటే, దగ్గరికి వెళ్లి చూసేదాకా అవి పాస్టెల్లో నూనె రంగులో తెలియదు.

మసాచుసెట్స్‌లోని లోవెల్‌లో పుట్టిన చిత్రకారుడు విస్లర్ దీనికి మంచి మందు. 1879లో ఆయన ఎచింగులు చేసుకురావడానికి వెనిస్ వెళ్లాడు. కొన్ని నెలలకని వెళ్లినవాడు 1880 నవంబరు దాకా ఉండిపోయి, పనిలో పనిగా వంద దాకా పాస్టెల్స్ వేశాడు. చాలావాటికి గోధుమరంగు కాగితం. నల్ల సుద్దతో గీతలు, నీళ్ల మీద ఒక నీలం, తలుపు మీద ఒక ఎరుపు, అక్కడితో ఆపేశాడు. గోడలు, సందులు, నీడలు అన్నీ ఆ కాగితమే. వాషింగ్టన్‌లోని ఫ్రీయర్ గ్యాలరీ దగ్గర వాటిలో కొన్ని ఉన్నాయి. వెలుతురు తగిలితే పాడవుతాయి కనుక ఎప్పుడూ గోడ మీద ఉండవు, ప్రదర్శనలో పెట్టినప్పుడు వదులుకోకూడదు. ఆయన వాడిన కాగితానికి సాండెడ్ కాగితపు గరుకు లేదు. ఉన్నది రంగు.

కాగితానికి రంగుండటం ఈ దేశానికి కొత్తేమీ కాదు. బాస్టన్‌లో జాన్ సింగిల్టన్ కోప్లీ పాస్టెల్ పోర్ట్రెయిట్లు వేస్తున్న రోజుల్లో ఇక్కడ మంచి పాస్టెల్ ముక్క దొరకడమే గగనం. 1762లో ఆయన జెనీవాలోని పాస్టెల్ చిత్రకారుడు లియొటార్‌కు ఉత్తరం రాసి మేలైన స్విస్ పాస్టెల్స్ పంపమని అడిగాడు. అప్పట్లో పాస్టెల్ పోర్ట్రెయిట్‌కు ఎక్కువగా వాడింది నీలం కాగితం, దాన్ని నారగుడ్డకు అతికించి చట్రానికి బిగించేవాళ్లు. ముఖంలోని నీడల దగ్గర పల్చగా వదిలేస్తే ఆ నీలమే చల్లని నీడ అవుతుంది. ఆ తర్వాతి శతాబ్దంలో ఈ దేశపు మనిషి కొన్న ఫ్రెంచి చిత్రకారుడు డెగా తొలి బొమ్మల్లో ఒకటి, చిత్రకారిణి మేరీ కసాట్ సలహాతో లూయిసిన్ ఎల్డర్ 1877లో కొన్న బాలే రిహార్సల్ బొమ్మ, ఇప్పుడు కాన్సస్ సిటీలోని నెల్సన్-ఆట్కిన్స్ మ్యూజియంలో ఉంది. అందులో పాస్టెల్ కింద ఉన్నది ఉత్త కాగితం కాదు, నల్ల సిరాతో తీసిన మోనోటైప్ అచ్చు. చీకటి అంతా ముందే సిద్ధంగా ఉంది, డెగా వెలుగు మాత్రం పైన వేసుకున్నాడు. కాగితం చాలకపోతే పక్కన ఇంకో పట్టీ అతికించుకునేవాడు కూడా.

నా వృత్తిలో కాగితం రంగు ఎందుకు ప్రాణమో చెప్పాలంటే మనవాళ్ల ముఖాల దగ్గరికి రావాలి. నాకొచ్చే ఆర్డర్లలో సగానికి పైగా తెలుగు ఇళ్ల నుంచే. ఓణీల ఫంక్షన్‌కు అమ్మాయి బొమ్మ, షష్టిపూర్తికి తల్లిదండ్రుల బొమ్మ, పోయినవాళ్ల బొమ్మ. ఎడిసన్‌లో ఉండే ఒకావిడ వాళ్ల అత్తగారి సంవత్సరీకానికి బొమ్మ కావాలని వచ్చారు. పట్టుచీరలో, పెరట్లో అరటిచెట్ల పక్కన తీసిన ఫొటో.

“కొంచెం తెల్లగా వేయండి. ఆవిడ మరీ ఇంత నలుపు కాదు. ఫొటోలో అలా పడ్డారు,” అన్నారు.

ఈ మాట వినని పోర్ట్రెయిట్ ఆర్టిస్టు మన తెలుగువాళ్లలో ఉండరు. మొదట్లో నాకు కోపం వచ్చేది. ఇప్పుడు రాదు, ఎందుకంటే వాళ్లు అడిగేది చాలాసార్లు తెలుపు కాదు, కళ. ఫొటోలో ముఖం మసకబారి ఉంటుంది, గుర్తున్న ముఖం వెలుగుతూ ఉంటుంది.

“రంగు మార్చనండీ. వెలుగు తెస్తాను. సగం అయ్యాక పిలుస్తాను, వచ్చి చూసి చెప్పండి,” అన్నాను.

ఫ్రాన్సులో గోబ్లె నేత కార్ఖానాలో అద్దకాలు చూసే షెవ్రెల్ అనే రసాయన శాస్త్రవేత్తకు సరిగ్గా ఇలాంటి ఫిర్యాదే వచ్చింది, మీ నల్ల నూలు నల్లగా లేదు, రంగు చాలట్లేదు అని. పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు. ఆ నలుపు పక్కన నేసిన నీలం, ఊదా రంగులు దాన్ని పాలిపోయినట్టు చూపిస్తున్నాయి. పక్కపక్కన పెట్టిన రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో 1839లో ఆయన పెద్ద పుస్తకమే రాశాడు. పోర్ట్రెయిట్‌లో ఆ పక్క రంగు కాగితమే. లేత బూడిదరంగు కాగితం మీద చామనఛాయ ముఖం వేస్తే, ఎంత జాగ్రత్తగా వేసినా చుట్టూ ఉన్న వెలుతురు ముఖాన్ని మసిబారుస్తుంది. సరిగ్గా అదే గోధుమరంగు ముక్కతో ముదురు కాగితం మీద వేస్తే ముఖం దీపం దగ్గర కూర్చున్నట్టు లేస్తుంది. ఒక్క ముక్క రంగు మార్చనక్కర్లేదు.

ఇక్కడి పాత పాఠాల్లో పోర్ట్రెయిట్‌కు మధ్యస్తపు బూడిదరంగు కాగితం తీసుకోమంటారు. పోర్ట్రెయిట్ సెట్ అని అమ్మే పెట్టెలు చాలావాటిలో గులాబి ఛాయలే ఎక్కువ. అవి ఏ ముఖాల కోసం కుదిరిన లెక్కలో వేరే చెప్పక్కర్లేదు. మన ముఖాలకు నేను మి-తాంత్‌లో టొబాకో అనే ముదురు గోధుమ, లేదా ఐవీ అనే నిండు ఆకుపచ్చ తీసుకుంటాను. ఆకుపచ్చ అనగానే శిష్యులు నొసలు చిట్లిస్తారు. మధ్యయుగపు ఇటలీ చిత్రకారులు చర్మం కింద పచ్చమట్టి రంగు ముందుగా వేసేవాళ్లని చెప్పినా నమ్మరు, వేసి చూపిస్తేనే నమ్ముతారు. చెంప కింద, మెడ మలుపులో, కంటి గూట్లో ఆ పచ్చదనాన్ని అలాగే వదిలేసి, నుదుటి మీద, ముక్కు దూలం మీద పసుపు కలిసిన ఎరుపు ఛాయలు వేస్తే గోధుమ చర్మానికి రక్తం వస్తుంది. సాండెడ్ కాగితం కావాలనుకుంటే చిక్కు. యూఆర్ట్ మామూలు రకం లేత గోధుమరంగులో, ముదురుది దాదాపు నల్లగా వస్తుంది. మధ్యలోని పచ్చ, ఇటుక రంగులు నేనే వేసుకోవాలి, పాస్టెల్ పల్చగా రాసి మందుల షాపులో దొరికే 70 శాతం ఆల్కహాల్‌తో కుంచె పెట్టి కరిగిస్తాను. నిమిషాల్లో ఆరిపోతుంది, గరుకు చెడదు.

ఎడిసన్ ఆవిడ బొమ్మకు ఐవీ తీసుకున్నాను, నున్నటి వైపు. చీర దగ్గర మాత్రం నాకు గళ్లు కావాలనిపించింది. జరీని గీతలా వేస్తే చచ్చిపోతుంది. గరుకు కాగితం మీద గట్టి పసుపు ముక్కను పడుకోబెట్టి తేలిగ్గా లాగితే రంగు గుట్టల మీద పడి, గుంటల్లో పడదు. తెగితెగి మెరుస్తుంది, అదే జరీ. నున్నటి వైపున ఆ పని చుక్కలు చుక్కలుగా చేత్తో చేయాల్సి వచ్చింది. సగంలో పిలిస్తే ఆవిడ వచ్చి, ఈజిల్ ముందు కాసేపు నిలబడి, “ముక్కుపుడక రాయి ఎరుపండీ, తెలుపు కాదు,” అన్నారు. ఛాయ సంగతి ఎత్తలేదు.

కొత్త కాగితం ఏది దొరికినా అంచు నుంచి ఒక పట్టీ కోసి పరీక్ష పెడతాను. గట్టి ముక్క, మెత్తటి ముక్క పక్కపక్కన గీయడం. ఒక సగం వేలితో రుద్దడం. పందివెంట్రుకల బ్రష్‌తో దులిపి చూడటం, అంటే తప్పు గీత ఎంతవరకు వెనక్కి వస్తుందో తెలియడం. చివర ఒక చుక్క నీళ్లు. ఈ నీళ్ల చుక్క దగ్గర కొన్ని కాగితాల అసలు స్వభావం బయటపడుతుంది. సెనెలియె లా కార్ట్ అందమైన కాగితం, పైన బెండులాంటి చెట్టుపీచు పొడి పూత, రంగును మఖమల్లా పట్టుకుంటుంది. నీళ్లు పడితే ఆ పూత లేచి వచ్చేస్తుంది, కింద తెల్ల మచ్చ. దానితో డెలవేర్ నది ఒడ్డుకు బొమ్మ వేసుకోవడానికి వెళ్లాలంటే ఆకాశం చూసి వెళ్లాలి. క్లేర్‌ఫోంటెన్ వాళ్ల పాస్టెల్‌మ్యాట్ 360 గ్రాముల దళసరి అట్ట, చేతికి నున్నగానే తగులుతుంది. పైనున్న సెల్యులోజ్ పీచు పూతకు మాత్రం పాస్టెల్ గట్టిగా అంటుకుంటుంది, తడిపినా ఓర్చుకుంటుంది. ధూళి పడనివాళ్లకు, అపార్ట్‌మెంట్‌లో డైనింగ్ టేబుల్ మీద పని చేసుకునేవాళ్లకు అదే చెబుతాను. వేలితో రుద్ది కలిపే అలవాటున్నవాళ్లకు మాత్రం అది లొంగదు.

ఇవన్నీ ముట్టుకుని చూసి కొనుక్కునే అదృష్టం ఇప్పుడు తగ్గింది. న్యూయార్క్ థర్డ్ ఎవెన్యూలో 1905 నుంచి ఉన్న న్యూయార్క్ సెంట్రల్ ఆర్ట్ సప్లై దుకాణానికి కాగితాల విభాగమే పేరు తెచ్చింది. ప్రపంచంలోని నలుమూలల కాగితాలూ అక్కడుండేవి. 2016లో అది మూతపడింది. అక్కడి నుంచి నడిచిపోగలిగినంత దూరంలోనే, గ్రామర్సీ పార్కు దగ్గర నేషనల్ ఆర్ట్స్ క్లబ్‌లో, 1972లో ఫ్లోరా జిఫూనీ స్థాపించిన పాస్టెల్ సొసైటీ ఆఫ్ అమెరికా ఇప్పటికీ నడుస్తోంది. వాళ్ల వార్షిక ప్రదర్శన చూడటానికి వెళ్లినప్పుడు నేను ముందుగా చూసేది బొమ్మ మూలలు, అంచులు. కింద ఏ కాగితం ఉందో అక్కడ బయటపడుతుంది.

సాండెడ్ షీట్ల ధర భరించలేని విద్యార్థులకు సొంతంగా చేసుకోవడం నేర్పుతాను. దళసరి పత్తి కాగితమో, గేటర్‌బోర్డు ముక్కో తీసుకుని, యాక్రిలిక్ జెస్సో అనే అడుగుపూతలో ప్యూమిస్ పొడి, అంటే అగ్నిపర్వతపు రాతి పొడి, కలిపి కుంచెతో రాయడం. అడ్డంగా ఒక పూత, ఆరాక నిలువుగా ఒక పూత. జెస్సోలోనే కాస్త యాక్రిలిక్ రంగు కలిపితే కావలసిన పచ్చ, కావలసిన ఇటుక రంగు వచ్చేస్తాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ బెర్లిన్‌లో ఉన్న గోల్డెన్ కంపెనీ ఇదే పనికి సిద్ధంగా ఒక డబ్బా అమ్ముతుంది. కుంచె గీతలు పైకి తేలతాయి, అవి ముఖానికి అడ్డం, నీళ్లకూ గడ్డికీ వరం.

కాగితం ఎంపికలో చివరి మాట సూట్‌కేసుది. మన ఇళ్లకు వేసే బొమ్మల్లో చాలావాటి అసలు గమ్యం ఏలూరో, ఖమ్మమో. పాస్టెల్‌ను చుట్టకూడదు, పొడి రాలిపోతుంది. టెక్సస్‌లో ఆంపర్‌సాండ్ వాళ్లు చేసే పాస్టెల్‌బోర్డు గట్టి చెక్క అట్ట, మీద బంకమన్ను, పాలరాతి పొడి పూత. వంగదు, నలగదు, పని చేయడానికి ఎంతో హాయి. 23 కిలోల బ్యాగులో పచ్చళ్ల డబ్బాలు ఖాళీ చేసిన చోట పెట్టాలంటే మాత్రం బరువు. అలాంటివాళ్లకు పాస్టెల్‌మ్యాట్ మీదే వేసి, పైన గ్లాసీన్ కాగితం కప్పి, రెండు ఫోమ్‌బోర్డుల మధ్య నాలుగు మూలలూ టేపు వేసి ఇస్తాను. అక్కడి ఫ్రేము షాపువాళ్లకు ఇవ్వడానికి ఒక చీటీ కూడా రాసిస్తాను. గాజే వేయాలి, ప్లాస్టిక్ షీటు వద్దు. గాజు బొమ్మకు తగలకుండా మధ్యలో పట్టీ పెట్టాలి. కోస్తా ఉక్కకు బూజు పట్టకుండా బొమ్మ వెనక మైదా జిగురు రాయకూడదు.

గాజు సంగతి మరీ గట్టిగా రాస్తాను. పోయినవాళ్ల బొమ్మకు రోజూ బొట్టు పెడతారు, పండగలకు దండ వేస్తారు, మర్నాడు పొడిగుడ్డతో తుడుస్తారు. మామూలు యాక్రిలిక్ షీటును అలా తుడిచినప్పుడల్లా విద్యుదావేశం పుట్టి కింద ఉన్న రంగు పొడిని పైకి లాక్కుంటుంది. ఇక్కడి ప్రదర్శనలకు పంపేటప్పుడు దారిలో గాజు పగులుతుందని ప్లెక్సీగ్లాసే అడుగుతారు, దానికి ఆవేశం పుట్టని ఖరీదైన రకం వేయిస్తాను. అందుకని ఇప్పుడు ఆర్డరు వస్తే ఫొటో చూడకముందే అడుగుతాను, ఇది ఏ ఊళ్లో ఏ గోడ మీద ఉంటుంది, బొట్టు పెడతారా పెట్టరా అని. కొందరు ఫోన్లో తడుముకుంటారు. “ఇండియా తీసుకెళ్లాలండీ, సైజు మీరే చెప్పండి,” అంటారు. 16 అంగుళాలకు 20 దాటితే సూట్‌కేసులో పట్టడం కష్టమని చెబుతాను. ఆ తర్వాతే కాగితాల సొరుగు తెరుస్తాను.